కొందేసా పొదుగు మీద ఎర్ర వెలుగు

మధ్యాహ్నం భోజనాలు కాగానే మా లాస్ తోర్కాసాస్ కాలనీ మొత్తం పడుకుంటుంది. కుక్కలు ట్రాక్టర్ల నీడకి చేరతాయి, మనుషులు కిటికీ రెక్కలు మూసుకుంటారు. ఆ వేళప్పుడు రియో క్వార్తో పట్నం వైపు నుంచి మట్టిరోడ్డు మీద దుమ్ము లేచిందంటే, వస్తున్నవాడు దారి తప్పినవాడైనా అయివుండాలి, పద్ధతి తెలియనివాడైనా అయివుండాలి. కాలనీలో ఆ వేళ మెలకువగా ఉండే మనిషి ఒక్కతే, దెల్ఫినా మార్కీసియో. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆవిడకి పగటినిద్ర అంటలేదు. "చచ్చాక ఎలాగూ పడుకోవాలి, ఇప్పట్నుంచీ సాధన ఎందుకూ?" అనేది.

ఆ ఆకురాలే కాలంలో మాత్రం ఆవిడ పడుకోకపోవడమే కాదు, కూర్చోలేకపోయింది కూడా. వంటింట్లోంచి పాలకొట్టానికి, పాలకొట్టంలోంచి గేటుకి, గేటు దగ్గర్నుంచి మళ్ళీ వంటింటికి. మాతే కషాయానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టేది, కాగకముందే ఆర్పేసి మళ్ళీ బయటికి నడిచేది. కారణం అందరికీ తెలిసిందే. కొందేసా పొదుగు మళ్ళీ వాచింది.

కొందేసా అంటే మందలో ఒక ఆవు అనుకుంటే పొరపాటు. తల్లి చచ్చిన ఒక దూడని దెల్ఫినా వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలుపట్టి పెంచింది. ఆ దూడకి మనవరాలు ఈ కొందేసా. రియో క్వార్తో పశువుల ప్రదర్శనలో పొదుగు అందానికి మొదటి బహుమతి తెచ్చింది. ఆ బహుమతికి ఇచ్చిన నీలం తెలుపు పట్టుపువ్వు దెల్ఫినా వంటింటి గోడ మీద, పొయ్యికి సరిగ్గా పైన, నూనెపొగ పట్టి ఈరోజుకీ వేలాడుతోంది. కాలనీ నుంచి అలాంటి పువ్వు తెచ్చిన ఆవు దానికి ముందు లేదు, తర్వాత లేదు.

ఇక దెల్ఫినా సంగతి. ఆవిడ చదువుకున్నది ఒకే గది బడిలో. ఆరు తరగతులకీ కలిపి ఒక్క టీచరమ్మ. చదువులో మొదటివాళ్ళకే జెండా మోసే గౌరవం ఇచ్చేవారు. దెల్ఫినా వరసగా రెండేళ్ళు ఆ జెండా మోసింది. బడికి పోయేముందు పాలు పితికి మరీ పోయేది. పాలు తీసే యంత్రం వస్తే ఆవులు వట్టిపోతాయని మగవాళ్ళంతా మీసాలు దువ్వుతూ కూర్చున్న రోజుల్లో, కాలనీలోకి మొదటి యంత్రం తెప్పించింది ఆవిడే. అడ్డం తిరిగిన దూడల్ని భుజం దాకా చెయ్యిపెట్టి బయటికి లాగింది. వరద వచ్చి రోడ్డు తెగి పాలబండి రాకపోతే, కాలనీ పాలన్నీ పోగుచేసి జున్ను కట్టించి, నీళ్ళు తీసేదాకా బడిపిల్లలకి పెట్టింది. భర్త పోయాక పదిహేనేళ్ళు ఒక్కతే తంబో నడిపి, ఆ పాలడైరీని కొడుకు చేతికి చెక్కుచెదరకుండా అప్పగించింది. ఇవన్నీ ఆవిడ చేతులు చేసిన పనులు. ఎవరైనా ఆవిడ్ని పొగడాలంటే మొహం చూసి కాదు, చేతులు చూసి పొగిడేవారు.

అలాంటి చేతులకి ఇప్పుడు పని లేకుండా పోయింది.

"అమ్మా, రెండుసార్లు ఇంజక్షన్లు వేయించాను," అన్నాడు కొడుకు అదెమార్. మంచివాడే, కానీ మనసులో మాట దాచుకోవడం రానివాడు. "తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ముందు ఎడమ చన్ను, వెనక కుడి చన్ను, రెండూ పాడయ్యాయి. ఆ రోగం పక్క ఆవులకి అంటితే టాంకు పాలు మొత్తం వెనక్కి పంపిస్తారు. ఈసారీ తగ్గకపోతే బండి ఎక్కించేస్తా."

"ఏ బండి?"

"ఏ బండో నీకు తెలియదా?"

తెలుసు. కబేళా బండి. దెల్ఫినా వెళ్ళి గేటు గొళ్ళెం వేసి ఉందో లేదో చూసి వచ్చింది. వేసే ఉంది. కాసేపాగి మళ్ళీ వెళ్ళి చూసింది.

అలాంటి రోజుల్లో, అదీ అందరూ పడుకున్న వేళ, మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చింది మైలేన్ కిరోగా. ముప్పై దాటని పిల్ల. మా బడి బస్సు నడిపిన కిరోగా కూతురే. ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కొత్త మందు పరీక్షించడానికి పొదుగువాపు ఉన్న ఆవుల కోసం చుట్టుపక్కల డైరీలన్నీ తిరుగుతోంది. బండిలోంచి గోధుమరంగు సీసాలు రెండు, పాల యంత్రం కప్పులాంటి కప్పు ఒకటి దించింది. ఆ కప్పు లోపలి గోడ నిండా గింజలంత నీలి దీపాలు.

"ఇందులో ఉన్నది ప్లాస్టిక్ జాతి సరుకే దోన్యా దెల్ఫినా. పాలిమర్ అంటాం," అంది మైలేన్, మా వైపు పెద్దావిడల్ని పిలిచే మర్యాదతోనే, సీసా ఊపుతూ. "వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే ఒక్క చీలిక ఎంతుంటుందో, అంతంత రేణువులు. నానో రేణువులు."

"నా ఆవుకి ప్లాస్టిక్ పూస్తావా పిల్లా?"

"పూసి దీపం వేస్తాను. నీలి వెలుగు తగిలితే ఇవి ఎర్రగా మెరుస్తాయి. మెరవడమే కాదు, పక్కనున్న ప్రాణవాయువుని రెచ్చగొడతాయి. రెచ్చిపోయిన ఆ గాలి బాక్టీరియాని కాల్చేస్తుంది. దీపం ఆర్పితే మళ్ళీ ఊరుకుంటాయి."

"అంటే దీపం ఉన్నంతసేపే పౌరుషం."

"సరిగ్గా అంతే."

"మా ఆయన కూడా సారా ఉన్నంతసేపు అలాగే ఉండేవాడు," అంది దెల్ఫినా.

మైలేన్ నవ్వి, ఫోనులో ఒక బొమ్మ చూపించింది. వారం కిందట అదెమార్ పంపిన కొందేసా పాలలో ఈ రేణువులు కలిపి, సూక్ష్మదర్శినిలో తీసిన బొమ్మ అది. నల్లటి చీకట్లో బూడిదరంగు గుండ్రాలు, వాటి కడుపులో ద్రాక్షగుత్తుల్లా ఎర్రటి చుక్కలు.

"ఈ గుండ్రాలు మీ ఆవు కణాలే. రోగాన్ని పట్టి మింగడానికి వచ్చిన కాపలా కణాలు. మింగాయి, కానీ అరగలేదు. బాక్టీరియా వాటి కడుపులోనే కాపురం పెట్టాయి. ఇంజక్షన్ మందు అక్కడికి సరిగ్గా చేరదు. మా రేణువులు చేరతాయి. చేరి మెరుస్తాయి కాబట్టి ఎక్కడున్నాయో నాకు కనిపిస్తుంది."

దెల్ఫినా ఫోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "పోలీసు ఇంట్లోనే దొంగ అద్దెకున్నాడన్నమాట."

"ఆ దొంగ చొక్కాకి మేం రంగు పూస్తున్నాం."

బండి చప్పుడుకి లేచి వచ్చిన అదెమార్ ఎద్దులా ముక్కుతో గాలి వదిలాడు. "పనిచేస్తుందా?"

"ప్రయోగశాలలో చేసింది. ఆవు మీద చేస్తుందో లేదో చూడ్డానికే వచ్చాను. వెలుగు పోయినంత మేరే దీని పని. చన్నులో, చన్ను పగుళ్ళలో ఉన్న దాన్ని పట్టగలదు. పొదుగు లోతుకి దిగిపోతే నేనేం చెప్పలేను." ఆ పిల్ల లేని ఆశ పెట్టదు, అది దెల్ఫినాకి నచ్చింది. తర్వాత మాట నచ్చలేదు. "రెండు చన్నుల్లో ఒకదానికి రేణువులు, ఇంకోదానికి ఉత్త నీళ్ళు. దీపం రెండిటికీ వేస్తాను. దేనికి ఏది అన్నది మీకు చెప్పను. నేను వచ్చి వెళ్ళే ఈ కొద్దిరోజులూ గోరువెచ్చటి నీళ్ళతో కడగడం, తుడవడం, అంతే. ఏ మందూ వద్దు, ఏ పూతా వద్దు. మీరు చేయాల్సింది ఏమీ లేదు దోన్యా."

చేయాల్సింది ఏమీ లేదు! పుట్టి బుద్ధెరిగాక ఆ మాట దెల్ఫినాతో అన్నవాళ్ళు లేరు.

మైలేన్ రోజూ వచ్చేది. ఆ పిల్ల వంగి సన్నటి గొట్టంతో చన్ను కొనలో చుక్కలు వేస్తుంటే, పగుళ్ళకి పూస్తుంటే, కప్పు తొడిగి దీపం వేస్తుంటే, దెల్ఫినా వెనక నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకునేది. చేతులు ఏప్రనులో దోపేది, తీసేది, కొందేసా తోక పట్టుకునేది, వదిలేది. "దోన్యా, నా వెలుగుకి అడ్డం వస్తున్నారు," అనేది మైలేన్. దెల్ఫినా పక్కకి జరిగేది. జరిగిన చోట కాసేపు కూడా నిలవలేకపోయేది.

వార్త కాలనీ అంతా పాకింది. రొట్టెల దుకాణంలో జులేమా బొగ్లియోనే ఎదురుపడింది. చిన్నప్పుడు జెండా పక్కన తోడు నడిచింది తప్ప జెండా పట్టనిది. ఆ సంగతి అరవై ఏళ్ళుగా మర్చిపోనిది.

"ఏమే దెల్ఫినా, కొందేసాకి దీపాలు కట్టావటగా! క్రిస్మస్ ఇంకా రాలేదే!"

"నీ ఆవుల్ని చీకట్లోనే ఉంచవే. వెలుగులో చూస్తే జనం జడుసుకుంటారు."

"అబ్బో! మీ అదెమార్ బాబు చెప్పాళ్ళే, ఆదివారానికి మిలనేసా అయ్యేట్టుందని. నిమ్మకాయలు కొనకు, మా చెట్టువి పంపుతాను. పైన పిండుకోవడానికి."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. దెల్ఫినా కూడా నవ్వింది. రొట్టె తీసుకోవడం మర్చిపోయి ఇంటికి వచ్చింది.

మిలనేసా అంటే మాంసం ముక్కలు కోసి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి... ఆపై ఆలోచన సాగనివ్వలేదు. లేచి అలమారాలో డబ్బాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది. అప్పుడు కనిపించింది పందికొవ్వు డబ్బా.

ఆవిడ అమ్మమ్మ పియెమోంతే నుంచి ఓడలో వచ్చింది. ఇక్కడికి వచ్చాక ఇక్కడి ఆకే మందు చేసుకుంది. మాతే తాగే యెర్బా ఆకుని పందికొవ్వులో సన్నటి సెగ మీద వేడిచేసి, ఆ ఆకుపచ్చ ముద్దని వాచిన పొదుగుకి రాసేది. దెల్ఫినా చిన్నతనంలో ఆ వాసనతోనే పాలకొట్టం నిండి ఉండేది. మైలేన్ వద్దన్నది మందు, పూత. ఇదేమిటి? తినే కొవ్వు, తాగే ఆకు. వంటింట్లో ఉన్నదాన్ని మందు అని ఎవరంటారు? అలా తనకి తానే నచ్చజెప్పుకుంటూ మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఎన్నాళ్ళకో ఆవిడ చేతులు పని దొరికి స్థిమితపడ్డాయి.

మర్నాడు పొద్దున పాలు తీశాక, అదెమార్ టాంకు దగ్గర ఉండగా, రెండు చన్నులకీ బాగా మర్దన చేసింది. కొందేసా కళ్ళు మూసుకుని నెమరు వేసింది. ఏ మాటా అనలేదు పాపం, అది ఆవు కదా.

ఆ రోజే మైలేన్ చూడాల్సిన రోజు. ముందురోజు ఆఖరిసారి పూసి వెళ్ళింది. రేణువులు బాక్టీరియాని అంటిపెట్టుకుని ఉంటే, పూసిన ఒక్క చన్ను మాత్రం ఇవాళ్టికీ మెరుస్తూ ఉండాలి. నీళ్ళు పూసినది మెరవకూడదు. ఆ తేడా కనిపిస్తేనే పాల పరీక్షకి విలువ.

మధ్యాహ్నం వేళ, కాలనీ అంతా నిద్రపోతుండగా, ధాన్యం నిల్వచేసే పొడుగాటి ప్లాస్టిక్ సంచిని చీల్చి, దాని నల్లటి వైపు లోపలికి తిప్పి పాలకొట్టం తలుపులకీ కిటికీలకీ కట్టారు. పట్టపగలు లోపల కటిక చీకటి. మైలేన్, అదెమార్ నారింజరంగు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. నీలి వెలుగుని ఆ అద్దాలు మింగేస్తాయి, మెరిసేదొక్కటే కనిపిస్తుంది. దెల్ఫినాకీ ఇచ్చారు.

"నాకొద్దు. నా కళ్ళు చాలు."

మైలేన్ దీపం వేసింది. దాన్ని ఒక చన్ను మీంచి ఇంకోదాని మీదికి, మళ్ళీ మొదటిదాని మీదికి తిప్పింది.

"ఏమైంది?" అంది దెల్ఫినా. ఆవిడకి నీలి వెలుగు తప్ప ఏమీ కనపడలేదు.

"రెండూ మెరుస్తున్నాయి," అంది మైలేన్. "రెండూ. నిప్పుకణికల్లా."

"మంచిదేగా?"

"మంచిది కాదు దోన్యా! నీళ్ళు పూసినది మెరవకూడదు. అంటే నేను సీసాలు కలిపేసుకున్నాను. లేకపోతే ఇన్నాళ్ళూ రెండిటికీ రేణువులే పూశాను. లేకపోతే తోకతో ఒకదాని మీది ఇంకోదానికి..." పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. "ఏం జరిగిందో తెలియకుండా నేను పాలు పరీక్ష చేసినా అర్థం లేదు. మూడేళ్ళ పని. మిగతా డైరీల్లోనూ ఇదే తప్పు చేశానేమో."

"అంటే తగ్గిందా, లేదా?" అన్నాడు అదెమార్.

"చెప్పలేను."

"చెప్పలేకపోతే నేను ఆగలేను మైలేన్. నా మందలో ఇంకా వంద పొదుగులున్నాయి."

దెల్ఫినాకి ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది, తన మూకుడికీ ఈ ఏడుపుకీ సంబంధం ఏమిటో తెలియడం లేదు. ఇలాంటప్పుడు చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. ఇంట్లోకి వెళ్ళి, సొరబుర్రలో యెర్బా నింపి, వేడినీళ్ళ ఫ్లాస్కుతో తిరిగి వచ్చింది. చీకట్లో, నీలి దీపం పక్కన నిలబడి, మొదటి మాతే తనే పీల్చి, రెండోది పోసి మైలేన్ ముందుకు చాపింది.

"తాగవే. ఏడుపు తర్వాత చూసుకుందాం."

మైలేన్ అందుకోలేదు. అదెమార్ "అయ్యో అమ్మా," అన్నాడు. ఆ పిల్ల బకెట్టు మీంచి మెల్లిగా లేచింది. తన కళ్ళద్దాలు తీసి, దెల్ఫినా ముక్కు మీద పెట్టింది.

చీకట్లో రెండు చేతులు తేలుతున్నాయి. గోళ్ళ చుట్టూ, కణుపుల మడతల్లో, అరచేతి గీతల్లో ఎర్రటి నిప్పు. ఆ చేతుల్లో సొరబుర్ర, దాని మూతి దగ్గర ఆకులో మసక ఎరుపు. చేతులు కదిపితే నిప్పు కదిలింది. అవి తన చేతులే.

"ఏం పూశారు?" అంది మైలేన్.

"ఏముంది, కొవ్వు. కాస్త యెర్బా. మా అమ్మమ్మ..."

"నేనేం చెప్పాను?"

"మందు వద్దన్నావు. ఇది మందు కాదుగా, తినేదేగా!"

"ఆకులో పచ్చదనం ఉంటుంది చూశారా, అది నీలి వెలుగులో ఎర్రగా మెరుస్తుంది. కొవ్వులో వేడిచేస్తే ఆ పచ్చదనమంతా కొవ్వులోకి దిగుతుంది. పరీక్షని పాడుచెయ్యాలని పదిమంది కూర్చుని ఆలోచించినా ఇంత బాగా కుదరదు!" మైలేన్ ఇప్పుడు ఏడవడం లేదు, అరుస్తోంది. "నన్ను నేను తిట్టుకుంటుంటే అలా నిలబడి చూశారేంటి?"

"నాకేం తెలుసే ఇది మెరుస్తుందని! నా చేతులు ఎన్ని ఆవుల్ని బతికించాయో మీ నాన్ననడుగు!"

"మా నాన్ననడిగితే కొందేసా బాగవుతుందా?"

దెల్ఫినా కళ్ళద్దాలు తీసి ఇచ్చేసింది.

మైలేన్ వేడినీళ్ళూ గిన్నెల సబ్బూ అడిగింది. పొదుగుని తోమినంత పనిచేసి కడిగింది. కొందేసా కాలు ఝాడించింది, మైలేన్ తన్ను తినకుండా తప్పించుకుంది. మళ్ళీ దీపం వేసింది. వెనక కుడి చన్ను చీకట్లో కలిసిపోయింది. ముందు ఎడమ చన్ను కొనలో, పగుళ్ళ వెంట, సన్నటి ఎర్రగీతలు మిగిలాయి. అదెమార్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది నాది. ఇది మీది," అంది మైలేన్ మెరిసే చన్నూ, మెరవని చన్నూ చూపించి. "నా రిపోర్టులో కొందేసా ఇక ఉండదు. ఉండకూడదు కూడా. రెండు చన్నుల పాలూ తీసుకెళ్ళి పరీక్ష మాత్రం చేస్తాను, మీ కోసం. బాక్టీరియా మొలవడానికి టైం పడుతుంది."

"శుక్రవారం బండికి చెప్పాను," అన్నాడు అదెమార్. "శుక్రవారం దాకా చూస్తా."

వెళ్ళేముందు మైలేన్ చల్లారిన ఆ మాతే అందుకుని ఒక్క గుక్కలో పీల్చి, సొరబుర్ర తిరిగి ఇస్తూ "గ్రాసియాస్" అంది. మా వైపు మాతే దగ్గర ధన్యవాదం చెప్పారంటే ఇక పొయ్యొద్దని. ఒక్కదానితోనే ఆ మాట అనిపించుకోవడం దెల్ఫినాకి ఆ ఇంట్లో మొదటిసారి.

తర్వాతి రోజులు ఆవిడ ఎలా గడిపిందో ఆవిడకే తెలియదు. కోళ్ళగూడు సున్నం కొట్టింది. ఎవరూ అడక్కుండానే కంచె తీగలు బిగించింది. కొందేసా దగ్గరికి రోజుకెన్నిసార్లు వెళ్ళినా చేతులు వెనక్కి కట్టుకునే వెళ్ళింది. ముట్టుకుంటే ఏమవుతుందో అని కాదు, ముట్టుకోకపోతే ఏమవుతుందో అని భయం ఆవిడకి. అమ్మమ్మ వైద్యమే పనిచేసి ఉంటే? ఆ ఆశా వదల్లేదు. రెండు చన్నులూ తన పూత వల్లే బాగుపడి ఉంటే, అప్పుడు ఆ పిల్ల ఏమంటుంది? అలా ఆవిడ మనసు ఒకసారి ఆవు వైపు, ఒకసారి తన వైపు, గాలిమర రెక్కలా తిరిగింది.

గురువారం మధ్యాహ్నం దక్షిణం నుంచి నల్లటి మబ్బు లేచింది. కాలనీ నిద్రలో ఉంది. మట్టిరోడ్డు మీద దుమ్ము. దెల్ఫినా గేటు దగ్గరే ఉంది. మైలేన్ అనుకుని ఎదురు వెళ్ళింది. వచ్చింది కబేళా బండి.

"రేపు కదయ్యా!"

"రేపు ఈ రోడ్డు ఉంటుందా దోన్యా? వాన చూడండి, బురదలో దిగబడితే నన్ను మీ ఆవులు లాగుతాయా?" అన్నాడు డ్రైవరు, దిగి, ఆవులు బండెక్కే పలక దించుతూ.

ఆ చప్పుడుకి అదెమార్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. మబ్బు చూశాడు, బండి చూశాడు, తల్లి మొహం చూడలేదు. "అమ్మా, ఇది తప్పితే మళ్ళీ రెండు వారాలకి గానీ రాదు. అప్పటికి ఎన్నిటికి అంటుతుందో."

"పిల్ల ఫోను చేస్తుంది."

"చెయ్యలేదుగా."

"ఇక్కడ ఫోను ఎప్పుడు మోగిందిరా!"

నిజమే. కాలనీలో ఫోనుకి సిగ్నల్ అందేది ఒక్కచోటే. నీళ్ళు తోడే గాలిమర మీద, రెక్కలకి కాస్త కింద, బాగుచేసేవాడు నిలబడే చెక్క మీద. అదెమార్ కొందేసా మెడకి తాడు వేసి బండి వైపు నడిపిస్తుంటే, దెల్ఫినా ఏప్రను జేబులో ఫోను వేసుకుని, చెప్పులు విడిచి, ఇనప నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది.

"అమ్మా! దిగు! పిచ్చెక్కిందా నీకు!"

"ఆ ఆవు కాలు పలక మీద పెట్టిందంటే నేను ఇక్కణ్ణుంచి దూకుతా!"

డ్రైవరు టోపీ తీసేశాడు. కొందేసా మాత్రం ఏమీ పట్టనట్టు పలక వాసన చూసింది. గాలి పెరిగింది, పైన రెక్కలు గిరగిరా తిరుగుతున్నాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది, అందులోంచి జులేమా తల బయటికొచ్చింది. చెక్క మీదికి చేరి, ఒక చేత్తో ఇనప కడ్డీ కౌగిలించుకుని, దెల్ఫినా ఫోను ఎత్తి పట్టుకుంది. ఫోను రెండుసార్లు గుయ్యిమంది.

మైలేన్ రికార్డు చేసి పంపిన గొంతు. గాలికి సగం ఎగిరిపోయింది. ఆవిడ చెవికి అదిమి పెట్టుకుని మొదటినుంచీ మళ్ళీ విన్నది.

"ఏమంది?" కిందనుంచి అదెమార్.

"ముందు ఎడమ చన్ను శుభ్రం! పళ్ళెంలో ఒక్కటంటే ఒక్కటి మొలవలేదట!"

"వెనక కుడి?"

దెల్ఫినా ఫోను చెవికి ఇంకా గట్టిగా అదిమింది. గాలిమర కిర్రుమంది. ఎదురింటి కిటికీలో జులేమా మోచేతులు ఆనించి తీరిగ్గా నిలబడింది. ఆ ఒక్క మాట మింగేస్తే వినేవాళ్ళెవరూ లేరు. ఫోను తన చెవి దగ్గరే ఉంది.

"వెనక కుడిది ఎక్కడి రోగం అక్కడే ఉంది!" అని అరిచింది దెల్ఫినా, కాలనీ మొత్తం నిద్రలేచేలా. "నేను పూసిన కొవ్వు గడ్డిపరకంత పని కూడా చెయ్యలేదు! విన్నావా? పిల్ల సరుకే పనిచేసింది! ఆ రెండోదానికి కూడా పూస్తానంటోంది, పరీక్ష కోసం కాదు, ఊరికే! అప్పటిదాకా మందకి దూరంగా కట్టెయ్యమంది!"

అదెమార్ కొందేసాని వెనక్కి తిప్పాడు. "చిన్న దొడ్లో కడతాను. పాలు చివర్లో, విడిగా పితుకుదాం. ఆ చన్ను తగ్గకపోతే దాన్ని ఎండగట్టేస్తా, మిగతా మూడిటితో పాలిస్తుంది. ఇక దిగమ్మా, నీ కాళ్ళు వణుకుతున్నాయి."

"నా కాళ్ళు కాదు, నిచ్చెన!"

డ్రైవరు పలక ఎత్తేసి, మొదటి చినుకులు పడుతుండగా ఖాళీగా వెళ్ళిపోయాడు. జులేమా కిటికీ వెయ్యకుండానే అడిగింది: "అయితే నిమ్మకాయలు పంపనా, వద్దా?"

"పంపవే! మైలేన్ వస్తోంది, దానికి కేకు చెయ్యాలి!"

రోడ్డు ఆరాక మైలేన్ వచ్చింది. కోపం పూర్తిగా పోలేదు, కానీ వచ్చింది. పాలకొట్టానికి నల్ల ప్లాస్టిక్ కట్టారు. దెల్ఫినా అప్పటికే చేతులు సబ్బుతో తోముకుని, ఎవరూ అడక్కముందే నీలి దీపం కింద చాపి నిలబడింది. మైలేన్ కళ్ళద్దాలతో చూసింది, గోళ్ళు కూడా తిప్పి చూసింది. చీకటి తప్ప ఏమీ లేదు.

"సరే," అంది. కాస్త ఆగి, "ఈసారి కప్పు మీరు పట్టుకోండి. పగుళ్ళన్నిటికీ వెలుగు సమంగా తగలాలి. నేను చాలనే వరకూ కదపకూడదు. తుమ్ము వచ్చినా సరే."

మా దెల్ఫినా జెండా మోసింది, యంత్రం తెచ్చింది, దూడల్ని లాగింది, గాలిమర ఎక్కింది. ఇవన్నీ కాలనీ చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. కానీ ఆ మధ్యాహ్నం ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆ దీపాల కప్పుని కొందేసా వెనక కుడి చన్నుకి ఆనించి పట్టుకుంది. ఈగ ఒకటి ముక్కు మీద వాలింది. కొందేసా తోక రెండుసార్లు చెంప మీద కొట్టింది. మాతే నీళ్ళు పొయ్యి మీద మరిగి మరిగి వంటింట్లో ఈల వేశాయి. ఆవిడ కదల్లేదు.

"చాలు," అంది మైలేన్.

"ఇంకాసేపు వెయ్యి," అంది దెల్ఫినా, కప్పు వదలకుండా.